చేతికి అమరిన రివాల్వరు

(సోలాపురంలో ఉగాది సభనాడు చేసిన ప్రసంగపాఠం)



పంచాంగ శ్రవణమూ, పద్యపఠనమూ జరిగిన వేదికమీద రివాల్వరు గురించి ప్రసంగమేమిటని ముందువరుసలోని పెద్దలు నవ్వుకొంటున్నారు. మా విషయం వినగానే కార్యదర్శిగారు కూడా ఒక్క క్షణం కలం ఆపినారు. మేము రైల్వేలో గుమాస్తా పని చేస్తున్నాము. చదివినది మెట్రిక్యులేషను. మా ఇంట ఆయుధమూ లేదు, దానికి లైసెన్సూ లేదు. బడిలో ఎన్.సి.సి.లో ఉన్నప్పుడు బోర్లా పడుకొని .22 రైఫిలుతో కాల్చిన నాలుగు గుండ్లే మా అనుభవం. అయినా ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉన్నది.

మన తాతలు మగ్గం నమ్ముకొని సోలాపురం వచ్చినారు. మన పిల్లలు చదువు నమ్ముకొని అమెరికా పోతున్నారు. ఆ దేశంలో శనివారం వస్తే కొందరు చేపలు పట్టడానికి పోయినట్లే కొందరు గురి కాల్చడానికి పోతారు. మా బావగారు చాలాకాలంగా టెక్సాసులో ఉన్నారు, అక్కడి పౌరులు. వారు గురి కాల్చే క్లబ్బులో చేరి, తమకంటూ ఒక రివాల్వరు ఎంచుకోదలచి, ఆరు నెలలపాటు ఆదివారం ఆదివారం ఫోనులో మాతో చర్చించినారు. కొనేది వారు, తలకాయ నొప్పి మాది. ఆ చర్చలకోసం మేము చదివి తెలుసుకొన్న సంగతులే నేడు మనవి చేస్తాము.

మనకు రివాల్వరు తెలిసినది సినిమావల్ల. ఆరు తూటాల రివాల్వరుతో మన కథానాయకుడు పన్నెండుమందిని పడగొట్టి, ఇంకా మిగిలినవారికోసం వెతుకుతాడు. నిజమైన రివాల్వరు అంత ఉదారంగా ఉండదు. చాలావాటిలో ఉండేవి ఆరే గదులు. ఆ గదులున్న ఉరుళు ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క గది తిరిగి గొట్టానికి ఎదురుగా నిలుస్తుంది. అమెరికాలో 1836లో శామ్యూల్ కోల్ట్ పేటెంటు పొందినది ఈ పద్ధతికే. ఆటోమాటిక్ పిస్తోలు పేలిన ప్రతిసారీ ఖాళీ డొల్లను పక్కకు విసిరివేస్తుంది, గడ్డిలో వెతుక్కోవాలి. రివాల్వరు తన డొల్లలను తన కడుపులోనే ఉంచుకొని, అడిగినప్పుడు ఆరింటినీ మన దోసిట్లో పోస్తుంది. తూటాలు చేత్తో నింపుకొనేవారికి ఈ గుణమంటే మహా ఇష్టం.

ఇక ఎంపిక సంగతి. బావగారి మనసు మొదట .44 మాగ్నం మీదికి పోయినది. 1971లో వచ్చిన ‘డర్టీ హారీ’ అనే అమెరికా సినిమావల్ల దానికి పెద్ద పేరు వచ్చినది. క్లబ్బులో ఒక మిత్రుని రివాల్వరు తీసుకొని కాల్చి చూసినారు. మొదటి గుండుకు ఉత్సాహం, రెండవదానికి మణికట్టు నొప్పి, మూడవదానికి కాల్చకముందే కళ్లు మూతపడినవి. గురి కాల్చేవానికి ఈ జంకే ప్రథమ శత్రువు. చెయ్యి దెబ్బను ముందుగానే ఊహించి కిందికి వంగుతుంది, గుండు నేలను వెతుక్కొంటుంది. ఈ జంకు కనిపెట్టడానికి అక్కడివారు ఒక ఉపాయం చేస్తారు. మందులేని ఉత్తుత్తి తూటాలను అసలు తూటాలతో కలిపి, కాల్చేవానికి తెలియకుండా వేరొకరు నింపి ఇస్తారు. ఉత్తుత్తి తూటా వచ్చినప్పుడు రివాల్వరు ముక్కు కిందికి వంగినదంటే దొంగ దొరికినట్లే. అది జరిగిననాడే బావగారు .44 ఆశ వదులుకొన్నారు.

గురి పందెంలో బలానికి మార్కులు లేవు. అమెరికావారి పాత పద్ధతి పందెంలో ఒంటిచేత్తో పట్టుకొని, ఇరవైఅయిదు గజాల దూరంలోని కాగితం మీద ఒక విడతలో ఇరవై సెకన్లకు అయిదు గుండ్లు, మరొక విడతలో పది సెకన్లకే అయిదు గుండ్లు కాల్చాలి. పది మార్కులు వచ్చే వృత్తం అడ్డంగా మూడున్నర అంగుళాలకు కొంచెం తక్కువ. కాగితానికి చిల్లి పడితే చాలు, గోడ పగలనక్కరలేదు. కాబట్టి అడగవలసిన ప్రశ్న ‘ఇది ఎంత గట్టిగా కొడుతుంది?’ అన్నది కాదు. ‘ఇది వందవసారి కూడా మొదటిసారి కొట్టినట్లే కొడుతుందా? అప్పటికి నా చెయ్యి అలసిపోకుండా ఉంటుందా?’ అన్నదే ప్రశ్న.

కొత్తగా నేర్చుకొనేవానికి అక్కడి పెద్దలు .22 రివాల్వరు చెబుతారు. తూటా చౌక, దెబ్బ స్వల్పం. కాని దాని నిప్పుమందు డొల్ల అంచులోనే ఉంటుంది. అంచు ఒకసారి నలిగిన తరువాత దానిని తిరిగి నింపడం కుదరదు. తిరిగి నింపుకోవాలంటే నడుమ వేరే ప్రైమరు ఉండే తూటా కావాలి. అందులో గురికాళ్లకు తరతరాలుగా నచ్చినది .38 స్పెషల్. దానికోసమే స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవారు 1947లో కె-38 మాస్టర్‌పీస్ అనే రివాల్వరు చేసినారు. తరువాత దానికే మోడల్ 14 అని పేరు వచ్చినది. పాతది మంచి స్థితిలో దొరికితే నేటికీ గురికాళ్లు వదలరు.

బావగారికి అటువంటిది దొరకలేదు. అప్పుడు .357 మాగ్నం రివాల్వర్ల వైపు చూసినాము. .357 మాగ్నం 1935లో వచ్చినది. దాని డొల్ల .38 స్పెషల్ డొల్లకన్న అంగుళంలో ఎనిమిదోవంతు పొడుగు. అందువల్ల .357 రివాల్వరులో .38 తూటా సుఖంగా కాల్చవచ్చును. .357 తూటా మాత్రం .38 రివాల్వరులో పట్టదు, పట్టకుండా ఉండాలనే ఆ పొడుగు పెట్టినారు. బలమైన తూటాకోసం కట్టిన బరువైన రివాల్వరులో మెత్తని తూటా కాల్చడం పెద్ద మగ్గం మీద సన్నపోగు నేసినట్లుంటుంది. ఒక్క పని మరువరాదు. పొట్టి తూటాలు కాల్చినకొద్దీ గదిలో మసి వలయం కడుతుంది, దానిని తోమి తీయాలి.

మూడు రివాల్వర్లు వరుసలో నిలిచినవి. 1955లో పుట్టి, నడుమ తయారీ ఆగి, 2020లో తిరిగి వచ్చిన కోల్ట్ పైథాన్ ఒకటి. చూడటానికి పెండ్లికూతురు, ధరకూడా కట్నంవలె ఉంటుంది. రూగర్ వారి జీపీ-100 రెండవది, గట్టిదనానికి పేరుపొందినది. స్మిత్ అండ్ వెస్సన్ వారి 686 మూడవది. మూడింటినీ క్లబ్బులో అద్దెకు తీసుకొని, ఒకే రకం తూటాతో, వేరువేరు శనివారాలలో కాల్చి, మార్కులు నోటుబుక్కులో రాయండని మేము సలహా ఇచ్చినాము. గుమాస్తా సలహా అంతకన్న ఏముంటుంది!

ఆ సందర్భంలో తెలిసిన సంగతులు కొన్ని. మొదటిది పిడి. పిడి పట్టుకొన్నప్పుడు చూపుడువేలి మొదటి కణుపు మీటమీదికి సుఖంగా చేరాలి. వేలు సాగదీయవలసి వస్తే లాగినప్పుడల్లా గొట్టం పక్కకు పోతుంది. రెండవది గొట్టం. గురికి ఆరంగుళాల గొట్టం మేలంటారు. పొడుగు గొట్టం గుండుకు సూటిదనం నేర్పదు. ముందు గురికీ వెనుక గురికీ నడుమ దూరం పెరిగి, చేతి తప్పు కంటికి త్వరగా పట్టుబడుతుంది. మూడవది బరువు. ఆరంగుళాల 686 కిలోంబావు తూగుతుంది. బరువు దెబ్బను మింగుతుంది, కాని ఒంటిచేత్తో ఎత్తి నిలపలేనివానికి అదే భారం. నాలుగవది వెనుక గురి. తూటా మారితే గుండు పడే ఎత్తు మారుతుంది గనుక, మరతో జరుపుకొనే గురి తప్పక ఉండాలి. వాడినది కొనేవారు ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకొన్న తరువాత ఉరుళును వేళ్లతో కదిపి చూడాలి. బిగిసి నిలవవలసిన చోట గలగలలాడితే, గది గొట్టానికి సరిగా ఎదురు నిలవదు. గుండు అంచు చెక్కుకొని పక్కవారి ముఖాన సీసపు తునకలు పడతాయి.

నోటుబుక్కు లెక్కలో 686 నెగ్గినది. పైథాన్‌కన్న మేలైనదని కాదు. బావగారి వేలు మీటమీదికి చేరినది అందులోనే. మరొకరి చేతికి మరొకటి నెగ్గవచ్చును. ఇష్టమైన రివాల్వరును పక్కింటివారి మాటమీద ఎంచుకోరాదు, తన చేతిని అడిగి ఎంచుకోవాలి.

ఇక తూటాలు నింపుకోవడం. అక్కడ చట్టం సమ్మతించినది గనుక చాలామంది ఇంటనే నింపుకొంటారు. కాల్చిన డొల్లను అచ్చులో పెట్టి నొక్కితే పాత ప్రైమరు ఊడి, ఉబ్బిన డొల్ల మళ్లీ కొలతకు వస్తుంది. మూతి కొద్దిగా విచ్చదీసి, కొత్త ప్రైమరు కూర్చి, మందు తూచి పోసి, గుండు దించి, మూతి బిగిస్తారు. గురికి వాడే గుండు ముక్కు చదునుగా ఉంటుంది. అది కాగితంలో కత్తిరించినట్లు గుండ్రని చిల్లి చేస్తుంది గనుక మార్కులకు తగవుండదు. దాని బరువు 148 గ్రెయిన్లు, అనగా తొమ్మిదిన్నర గ్రాములకు కొంచెం ఎక్కువ. దానివెనుక పోసే మందు సాధారణంగా మూడు గ్రెయిన్లకు లోపు, గ్రాములో ఐదోవంతు కూడా కాదు.

ఈ పని రుచి మన నేతపని తెలిసిన పెద్దలకు చెప్పనక్కరలేదు. పేక ఒకచోట బిగువుగా, ఒకచోట వదులుగా కొడితే దుప్పటి ఏమవుతుందో వారికి తెలుసు. అట్లే మందు ఒకదానిలో ఎక్కువ, ఒకదానిలో తక్కువ పడితే గుండ్లు ఒకటి పైనా ఒకటి కిందా పడతాయి. అన్నీ ఒక్కలాగే ఉండటమే అందులోని విద్య. డబ్బు మిగులుతుందని మొదలుపెడతారు. చివరకు మిగిలిన డబ్బుకు రెండింతలు కాల్చి, లెక్క సరిచేస్తారు. అక్కయ్య కోపమంతా అక్కడే!

ఇంతవరకు ఆట. ఇక ప్రాణం సంగతి వినండి. .38 స్పెషల్ నల్లమందు కాలపు కొలతల్లో పుట్టినది. అందువల్ల డొల్ల పెద్దది, నేటి మందు గోరంత. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి పొరలదు, పైకి తెలియదు. అది పేలితే ఉరుళు బద్దలై వేళ్లు పోగలవు. అసలు మందే పడకపోతే ప్రైమరు బలంతో గుండు గొట్టం నడుమకు వచ్చి ఇరుక్కొంటుంది. దానివెనుక ఇంకొకటి కాలిస్తే గొట్టం చీలుతుంది. చప్పుడు తగ్గినట్లు అనిపిస్తే ఆగి, ఖాళీచేసి, గొట్టంలో చూడవలసినదే. అందుకని జాగ్రత్త గలవారు యాభై డొల్లలనూ పలకలో వరుసగా నిలిపి, గుండు పెట్టకముందు దీపం పట్టి ఒక్కొక్కదానిలోకి తొంగిచూస్తారు. బల్లమీద ఒక్క రకం మందు తప్ప రెండవ డబ్బా ఉంచరు. అచ్చుపుస్తకంలోని లెక్క తప్ప నోటిమాట లెక్క నమ్మరు. ఆ పని చేసేటప్పుడు టెలివిజను పెట్టరు, మాట్లాడరు, తినరు. సీసం విషం గనుక పని కాగానే చేతులు కడుగుకొంటారు.

మేము స్టేషనులో చూసేదీ ఇదే. ప్రమాదం వచ్చేది పని తెలియనివాని వల్లనే కాదు, ‘ఇంతకుముందు చూసినానులే’ అనుకొన్నవాని వల్ల కూడా. 2024 నవంబరులో అమెరికాలో చదువుకొంటున్న మన తెలుగు విద్యార్థి ఒకడు తన తుపాకిని శుభ్రం చేసుకొంటుండగా అది పేలి మరణించినాడని పత్రికల్లో చదివినాము. ఆ తల్లిదండ్రుల దుఃఖం తలచుకొంటే ఈ ప్రసంగం చేయకుండా ఉండలేకపోయినాము. తుపాకి ముట్టిన ప్రతిసారీ అది నిండి ఉన్నదనే భావించాలి. తెరిచి, ఆరు గదులూ కంటితో చూడాలి, వేలితో తడమాలి. గొట్టం మనిషివైపు తిప్పరాదు. కాల్చబోయేవరకు వేలు మీటమీద పెట్టరాదు. ఇంటిలో తాళం, తూటాలకు వేరే తాళం. మిత్రులు కూడిన వేడుకలో దానిని బయటికి తీయనే రాదు.

చట్టం మాట రెండు ముక్కలు. అమెరికాలో చదువు వీసా మీదా, ఉద్యోగ వీసా మీదా ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. పిల్లలకు ఈ సంగతి చెప్పండి. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడమే కాదు, తూటా తయారుచేయడం కూడా నేరమే. సెలవులకు వచ్చే పిల్లలు సంచి అడుగున ఒక్క తూటా మరిచిపోయి వచ్చినా విమానాశ్రయంలో పోలీసు కేసవుతుంది. బయలుదేరేముందు సంచి దులుపుకొని రమ్మనండి.

ఇక్కడ ఈ ఆట మీద ఆసక్తి గల పిల్లలుంటే నిరాశపడనక్కరలేదు. గుర్తింపు పొందిన క్లబ్బులున్నవి, గాలి పిస్తోలుతో మొదలుపెట్టవచ్చును. హైదరాబాదువారైన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో గాలి రైఫిలుతో కాంస్యం తెచ్చినారు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పిస్తోలుతో పతకాలు గెలిచినది. 2024 పారిస్ ఒలింపిక్సులో రైఫిలుతో కాంస్యం గెలిచిన స్వప్నిల్ కుసాలే కొల్హాపూరు జిల్లావాడు, అప్పటికి మా సెంట్రల్ రైల్వేలో టికెట్ల ఉద్యోగి. మా గుమాస్తాలందరం ఆనాడు మేమే గెలిచినంతగా మిఠాయి పంచుకొన్నాము.

తుపాకి మంచిదా చెడ్డదా అన్న వాదం మా తాహతుకు మించినది. మాకు తెలిసినది ఒక్కటే. గురి కాల్చేవాని చెయ్యికి బలంకన్న నిలకడ కావాలి, ఆ నిలకడే అతని ఇంటిని కూడా కాపాడాలి. కాగితం మీద పదికి పది తెచ్చి, ఇంటిలో తాళం వేయడం మరిచినవానికి మేము సున్నా వేస్తాము. నేటిరాత్రి అమెరికాకు ఉగాది శుభాకాంక్షలు చెప్పడానికి ఫోను చేసేవారు, ‘పచ్చడి తిన్నావా నాయనా’ అని అడిగిన తరువాత ఈ రెండు మాటలు కూడా చెప్పవలసినదని ప్రార్థన.