ఎడారికి నీళ్ళు మోసే తుపాన్లు

(బేరిగైలో ఉపకార వేతనాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

భూగోళశాస్త్రం చదివితే ఏం ఉద్యోగం వస్తుందని ఇందాక ఒకరు అడిగారు. ఉద్యోగం సంగతి అటుంచి, మన చేలమీద పడే వాన గురించి నాలుగు మాటలు చెబుతాను.

మనది సముద్రానికి దూరంగా ఉన్న మెట్టసీమ. తుపానంటే కడలూరు వాళ్ళకో, నెల్లూరు వాళ్ళకో వచ్చే కష్టమనుకుంటాం. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. అక్కడే గంటల తరబడి కదలకుండా నిలిచి, బలం తగ్గి, మెల్లగా పడమటికి జరిగింది. గాలి తగ్గింది గాని తేమ తగ్గలేదు. డిసెంబరు 2 ఉదయానికి మన జిల్లాలోని ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన పడింది. జిల్లాలో ఏడాది మొత్తానికి పడేదే సుమారు 85 సెంటీమీటర్లు! చెరువు పొంగి, రోడ్డు పక్కన నిలిపిన వ్యాన్లు, కార్లు కొట్టుకుపోయాయి.

తుపానుకు మేత వెచ్చని సముద్రపు నీటి ఆవిరి. ఆవిరి మేఘంగా మారేటప్పుడు వెలువడే వేడే దాన్ని తిప్పుతుంది. నేల మీదికి రాగానే ఆ మేత తగ్గి గాలివేగం పడిపోతుంది. అయినా సుడి మిగిలి ఉన్నంతసేపు సముద్రం వైపునుంచి తేమగాలిని లాగుతూనే ఉంటుంది. నడక నెమ్మదించిందా, మోసుకొచ్చిందంతా ఒకచోటే కుమ్మరిస్తుంది.

ఎడారిలోనూ ఇంతే. 2018 మే నెలలో మెకును తుపాను ఒమన్‌లోని సలాలా దగ్గర, అక్టోబరులో లుబాన్ తుపాను యెమెన్‌లో తీరం దాటాయి. రబ్ అల్ ఖాలీ ఎడారిలో ఇసుక దిబ్బల నడుమ మడుగులు కట్టాయి, పచ్చిక మొలిచింది. మనుషులు తిరగని ఆ చోట మిడతలు తరం మీద తరం పెరిగాయి. 2020 నాటికి ఆ దండ్లు తూర్పు ఆఫ్రికాలోనూ రాజస్థాన్‌లోనూ పైరు మేశాయి. ఆ మే నెలాఖరున మన నేరళగిరిలో జిల్లేడు చెట్ల మీద మిడతలు కనబడితే జనం హడలిపోయారు. అవి ఎడారి మిడతలు కావని, ఇక్కడివేనని వ్యవసాయాధికారులు తేల్చారు. ఎక్కడో అరేబియాలో పడిన వాన మన ఊళ్ళో భయం పుట్టించింది, చూడండి.

తుపాను రుతుపవనానికి అడ్డం కూడా పడుతుంది. 2023 జూన్‌లో అరేబియా సముద్రంలో లేచిన బిపర్‌జాయ్ తేమనంతా తనవైపు లాక్కుంది. కేరళకు రుతుపవనం వారం ఆలస్యంగా, నీరసంగా వచ్చింది. ఆ నెల అక్కడ మామూలు వానలో సగం కూడా పడలేదు. అదే నెలలో ఎండు నేలలైన బార్మేరు, జాలోరు ప్రాంతాల్లో వరదలు!

కాబట్టి సగటు వానను మాత్రమే చూసి చెరువు మరవ, కాలువలు సరిపోతాయని అనుకుంటే చాలదన్నది నా అభిప్రాయం. ఒక్క రోజులో ఎంత పడగలదో కూడా లెక్కలోకి రావాలి. ఒక జిల్లాలోనే ఊరికీ ఊరికీ వాన మారుతుంది గనుక ఆ లెక్క ఊరూరా కావాలి. హైస్కూలు పిల్లలు ఈ పని చేయవచ్చు. పైనా కిందా ఒకే వెడల్పున్న డబ్బాను, చెట్టూ గోడా అడ్డం లేనిచోట పెట్టండి. రోజూ ఉదయం 8.30కి అందులోని నీటి ఎత్తు స్కేలుతో కొలిచి, నోటుబుక్కులో రాసి, డబ్బా ఖాళీ చేయండి. వాతావరణ శాఖ రోజు లెక్క తీసేదీ ఆ వేళకే.