మోపెడ్డు ఏమంటోంది?
(మన సంఘం పలమనేరు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పేవారు చెప్పారు. నాకు కేటాయించిన పది నిమిషాలు మోపెడ్డుకు ఇస్తాను. బయట చెట్టు కింద నిలబెట్టిన బండ్లను ఇప్పుడే లెక్కబెట్టి వచ్చాను. పద్నాలుగు. వాటిలో సగం, వచ్చేటప్పుడు ఏదో ఒకటి అంటూనే వచ్చాయి.

మన జిల్లాకు ఈ బండితో పాత చుట్టరికం ఉంది. ఫ్రాన్సు దేశపు మోటోబెకాన్ కంపెనీ వారి మోబిలెట్ నమూనా మీద తిరుపతిలో మోపెడ్స్ ఇండియా వారు సువేగ తయారు చేశారు. 1972లో లూనా వచ్చింది. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 వచ్చింది. సువేగ నిజంగా ఇంజను తగిలించిన సైకిలే. పెట్రోలు అయిపోతే ఇంజను లంకె తప్పించి, పెడలు తొక్కుకుంటూ ఇల్లు చేరేవాళ్ళం. తాలూకాఫీసులో గుమాస్తాగా ఉన్నప్పుడు, జమాబందీ రోజుల్లో రికార్డు కట్టలు వెనుక కట్టుకుని బైరెడ్డిపల్లె దాకా దాని మీదే తిరిగాను.

ఇక శబ్దం సంగతి. ఫైలు వచ్చినప్పుడు ఇది ఏ సెక్షనుదని ముందు చూస్తాం గదా, అట్లాగే శబ్దం ఇంజనుదా, చక్రానిదా అని ముందు తేల్చాలి. స్టాండు వేసి ఇంజను నడపండి. గ్రిప్పు తిప్పిన కొద్దీ శబ్దం వేగం పెరిగితే అది ఇంజను వైపుది కావచ్చు. తర్వాత చదునైన ఖాళీ రోడ్డు మీద నిదానంగా పోతూ ఇంజను ఆపి, బండిని దొర్లనివ్వండి. అప్పుడూ వినిపిస్తుంటే చెయినో, చక్రం బేరింగో, బ్రేకు కట్టెలో. వదులైన చెయిను దాని కవరుకు తగిలి టకటకమంటే ఇంజను విప్పించుకున్న వాళ్ళను నేనెరుగుదును.

మన సభ్యులొకరికి ఒక వర్క్‌షాపులో “బోరు పోయింది సార్, ఇంజను దించాల” అన్నారు. ఆయన దిగులుగా నా దగ్గరికి తెచ్చారు. ఇంజను నడుస్తుండగా సైలెన్సరు మెడ దగ్గరికి, తగలకుండా, చెయ్యి పెట్టి చూస్తే చప్చప్‌మని వేడిగాలి కొడుతోంది. నట్టు వదులై, గ్యాస్కెట్టు కాలిపోయింది. అంతే.

బోరు అరిగిన శబ్దం వేరు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పిస్టను గోడకు కొట్టుకుంటూ కటకటమంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. బరువు మీద ఎక్కేటప్పుడు లోపల్నుంచి మొద్దుగా దబదబమంటే కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగును అనుమానించాలి. దీన్ని వాయిదా వేయకూడదు. వేగంతో పాటు పెరిగే ఊళ ఇంజను పక్క బేరింగులది. గొంతు మూసుకుపోయినట్టు మూలుగుతూ లాగకపోతే సైలెన్సరులో కార్బన్ పేరుకుంది. శుభ్రం చేయిస్తే చాలు. ఇంకొకటి, టూస్ట్రోకు బండి బరువు లేనప్పుడు దగ్గుతూ తుళ్ళుతూ పోతుంది. పెట్రోలు పాలు ఎక్కువై ఒక దెబ్బ విడిచి ఒక దెబ్బ అంటుకోవడం అది. భయం లేదు.

ఎక్కడిదో తెలియకపోతే పొడుగాటి స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకోండి. డాక్టరు గొట్టం లాగే పనిచేస్తుంది. కదిలే చెయినుకు, బెల్టుకు దూరంగా ఉండండి. పంచె కట్టుకున్నవారు మరీ.

మొగిలి ఘాటు గురించి చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. టూస్ట్రోకు ఇంజనుకు పెట్రోలులో కలిపిన ఆయిలే దిక్కు. ఘాటు దిగేటప్పుడు గ్రిప్పు పూర్తిగా మూసేస్తే పెట్రోలుతో పాటు ఆయిలూ ఆగినంత పనవుతుంది. చక్రం మాత్రం ఇంజనును తిప్పుతూనే ఉంటుంది. లోపల పొడిబారుతుంది. అప్పుడు ఇంజను గొంతు మారుతుంది. కీచుగా, బిగుసుకున్నట్టుగా, ఎవరో పట్టి లాగుతున్నట్టుగా ఉంటుంది. మా ఆఫీసు సహోద్యోగి ఒకరు చిత్తూరు కలెక్టరాఫీసుకు పోతూ ఆ శబ్దం విని కూడా దిగేశారు. సగంలో ఇంజను పట్టేసింది. కుదుపుకు బండి తూలింది. వెనుక లారీ హారన్‌కు పక్కకు తిప్పబోయి పడ్డారు. భుజం ఎముక విరిగి మూడు నెలలు మంచంలో ఉన్నారు. లారీ ఆగింది గనుక మనిషి దక్కాడు. దిగేటప్పుడు మధ్య మధ్యలో గ్రిప్పు కాస్త తెరిచి మూయండి. గొంతు మారితే పక్కకు ఆపి చల్లారనివ్వండి. ఎక్కేటప్పుడు గాజులు గలగలమన్నట్టు వినిపించినా అదే పని చేయండి. అది వేడెక్కిన ఇంజను మొర.

2015లో వచ్చిన ఎక్సెల్ 100 ఫోర్‌స్ట్రోకు. దాని ఆయిల్ వేరుగా ఉంటుంది, పెట్రోలులో కలపనక్కరలేదు. అలవాటు కొద్దీ కలిపేవారున్నారు, వద్దు. అందులో పైన టిక్ టిక్ వినిపిస్తే ముందు ఆయిల్ మట్టం చూసి, ఆ తర్వాత ట్యాపెట్లు చూపించండి.

చివరిగా మన చెవుల మాట. వయసుతో సన్నని శబ్దాలే ముందు పోతాయి. బండి నిశ్శబ్దంగా ఉందని నేను మురిసిపోతుంటే, మా ఇంటావిడ వెనుక కూర్చుని “ఏమండీ, ఏదో కుయ్యిమంటా ఉంది, వినబళ్ళా?” అంటుంది. వినబడలేదు. దిగి చూస్తే వెనుక చక్రం బేరింగు. అందుకని వారానికొకసారి మనవడినో మనవరాలినో పక్కన నిలబెట్టుకుని ఇంజను స్టార్టు చేయండి. ఏం వినిపిస్తోందో వాళ్ళనే చెప్పమనండి.

లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చే రోజుల్లో నేను పదకొండు గంటల దాకా ఆ చెట్టు కిందే ఉంటాను. శబ్దం చేసే బండి ఉంటే తీసుకురండి. స్క్రూడ్రైవరు నా దగ్గర ఉంది.