కొబ్బరినీటితో తేనీటి పానకము



రోహిణీకార్తె అన్న మాట వినగానే రాయలసీమవారికి నిప్పులు చెరగు వడగాలి మనస్సున మెదలును. మన కోనసీమవారికి అట్లు కాదు. గోదావరి పాయలగు గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రమును ఆనుకొని, వైనతేయమును తన గర్భమునందే ఇముడ్చుకొని, అడుగడుగునను కాలువలతో నిండియున్న ఈ సీమయందు గాలియే తడిసియుండుటచేత, పట్టిన చెమట ఆరక, ఆరని చెమట దేహమును చల్లబరుపలేక, మధ్యాహ్నము మూడు గంటలగుసరికి మనుష్యుడు ఉక్కపోతచే సొమ్మసిల్లిపోవును. అట్టి వేళ అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో కాయలు లెక్కించువారు, ఒలుపు పనివారు, బస్తాలు మోయువారు వేడి పాలటీని ఆశ్రయింతురు. చిన్నవారు గ్యాసు నింపిన సీసాలను కొందురు. వేడి టీని నేను నిందింపను. అది శ్రమజీవికి తోడు. అయితే అదే తేయాకును, మన పెరటి కొబ్బరి బొండమును, ఒక నిమ్మపండును, ఒక అల్లపు కొమ్మును కూర్చి, సీసా పానీయములకంటె ఎన్నియో రెట్లు మేలైన చల్లని మిశ్రపానీయమును మన వంటింటనే చేసికొనవచ్చునని, అది ఎట్లు చేయవలయునో, ఏల అట్లే చేయవలయునో ఈనాడు విన్నవింప దలచినాను.

మిశ్రపానీయమనగానే మద్యము స్ఫురించుట నేటి లోకసహజము. కాక్‌టెయిల్ అనగా మద్యము కలిపిన గ్లాసే యని పట్టణములందలి హోటళ్లు మనకు నేర్పినవి. ఐనను ఈ మిశ్రపానీయముల చరిత్రయందు మన తెలుగు తీరమునకును కొంత భాగము కలదని ఎరిగినవారు అరుదు. సారాయి, నిమ్మరసము, చక్కెర, నీరు, సుగంధద్రవ్యము కలిపి ఇంగ్లీషువారు త్రాగిన ‘పంచ్’ అను పానీయము యొక్క పేరు, దొరకిన ఆధారములలో మొట్టమొదట కనబడునది 1632 సెప్టెంబరు 28 నాటి ఒక లేఖయందు. ఆ లేఖను ఆడమ్స్ అనునాతడు వ్రాసినది పెటపోలిలో, అనగా నేటి నిజాంపట్నములో, వర్తకము చేయుచుండిన కాలీ అనువానికి. ఆ ఇంగ్లీషు వర్తకులే నూలుబట్టలకై మన పొరుగున నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమునకును వచ్చిరి. పంచ్‌లోని వస్తువులన్నియు, సారాయితో సహా, ఈ గడ్డపై దొరకినవే. కాలక్రమమున ఐరోపావారు అందలి నీటికి మారుగా తేనీటిని పోయ నారంభించిరి. వారు నీటి స్థానమున తేనీటిని నిలిపిరి. మనము సారాయి స్థానమునకే దానిని తెచ్చుదము.

ఇది నోటిమాటగా అనుచున్నది కాదు. మిశ్రపానీయమునందు మద్యము చేయు పని యేమి? తీపిని, పులుపును అదుపున నుంచు ఒక కటువుదనమును, గొంతు దిగునపుడు తెలియు ఒక మంటను ఇచ్చుట. ఆ కటువుదనమును తేయాకులోని ఒగరు ఇచ్చును. ఆ మంటను అల్లమును మిరియమును ఇచ్చును. తక్కినది మత్తు, అది దాహార్తునకు అక్కరలేనిది. అక్కరలేకపోవుటయే కాదు, మద్యము మూత్రము ద్వారా దేహములోని నీటిని వెడలగొట్టును గనుక చెమటలు కారు దినమున అది చేయు హాని రెట్టింపగును. సారాయివలన పాడైన సంసారముల దుఃఖము తెలుగుదేశమునకు తెలియనిది కాదు; నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చిన స్త్రీలు ఆ అక్షరములే అండగా సారా దుకాణమును మూయించిన 1992 నాటి ఉద్యమమును తలచుకొన్నప్పుడెల్ల నాకు చేతులు జోడింపవలయుననిపించును. అందుచేత నేను చెప్పు పానీయమున తీపి కొబ్బరినీటిది, పులుపు నిమ్మది, కారము అల్లముది, ఉప్పు చిటికెడు, ఒగరును లేశమాత్రపు చేదును తేయాకువి. ఉగాది పచ్చడియందువలె ఆరు రుచులును దీనియందు కలియును, ఒకటి తక్కినవానిని మ్రింగరాదు.

మ్రింగునట్టిది ఏదైనను ఉన్నచో అది తేయాకే. కనుక మొట్టమొదట దానిని లొంగదీయు విధము తెలిసికొనవలయును. మన ఇండ్లలో సాధారణముగా నుండు టీపొడి సన్నని రేణువుల రూపమున నుండును. 1930 ప్రాంతమున అస్సాములో మెకర్చర్ అను దొర కల్పించిన యంత్రము ఆకును నలిపి, చీల్చి, గుండ్రముగా చుట్టును. అట్లు చేసిన పొడికి పాలను చక్కెరను మోయగల చిక్కదనము అబ్బినది. పాలు లేని చల్లని పానీయమునకు ఆ బలమే దోషమగును. కావున వీలైనచో ఆకు రూపముననే యుండు తేయాకును, అందును నీలగిరి తేయాకును తెచ్చుకొనుడు. చల్లారినను స్వచ్ఛముగా నిలుచునని దానికి పేరున్నది. దొరకనిచో ఇంటనున్న పొడియే చాలును, కాని దానిని పాలటీకి వలె మరుగబెట్టరాదు. నీటిని తెర్లించి, పొయ్యినుండి దింపి, అప్పుడు ఆకు వేసి మూత పెట్టవలయును. ఆకునకు నాలుగు నిమిషములు, పొడికి రెండు నిమిషములు. అంతకు మించినచో ఒగరు మితిమీరి నాలుక పిడచగట్టును. వడపోయునపుడు గుడ్డలోని పిప్పిని పిండుట మన చేతులకు అలవాటు. ఆ అలవాటును ఇచ్చట మానుకొనవలయును, ఏలయన పిండిన నీటిలోనే చేదంతయు దిగును.

వేడి తేనీరు చల్లారునపుడు ఒక్కొక్కసారి బురదనీటివలె మసకబారును. చెడిపోయినదని పారబోయకుడు. ఆకులోని కెఫీనును, ఎరుపు నిచ్చు పదార్థములును చల్లదనమున పెనవేసికొనుటచే కలుగు మసక అది. రెండు చెంచాల వేడినీరు పోసి కలిపినచో తేరుకొనును. ఈ చిక్కు ఏదియు లేని మార్గము మఱియొకటి కలదు, నాకు మిక్కిలి ఇష్టమైనదియు అదియే. కాచి చల్లార్చిన అర లీటరు నీటిలో నాలుగు చిన్న చెంచాల తేయాకు వేసి, మూతగల గాజుసీసాలో పోసి, రాత్రి తొమ్మిదింటికి ఫ్రిజ్‌లో నుంచి, తెల్లవారి ఐదారు గంటలకు వడపోయుడు. చల్లని నీరు ఒగరును తొందరగా లాగలేదు, పరిమళమును మాత్రము మెల్లమెల్లగా గ్రహించును. అట్లు దిగిన తేనీరు తియ్యగా తోచునంత మృదువుగా నుండును. ఈ పనికి ఎండలో సీసా పెట్టువారు కలరు. గోరువెచ్చని నీటిలో సూక్ష్మజీవులు పెంపొందును గనుక అది తగదు.

చల్లని తేనీరు పాశ్చాత్యుల వింత యని కొందరి తలంపు. 1904 లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రదర్శనశాలయందు భారతదేశపు తేయాకును ప్రచారము చేయుటకై వెళ్లిన బ్లెచిండెన్ అను ఆయన, ఎండకు తాళలేక జనులు వేడి తేనీటిని ముట్టకపోగా, దానిలో మంచుగడ్డలు వేసి పంచిపెట్టెనని ప్రసిద్ధి. నిమ్మయు మంచును కలిపిన చల్లని తేనీటి పాకము 1879 నాటి అమెరికా వంటల గ్రంథమొకదానిలో అప్పటికే యున్నది గనుక ఆయనను ఆద్యుడనలేము. ఐనను దానిని లోకమునకు రుచి చూపినవారిలో మన తేయాకును మోసికొని పోయినవాడు ఉండెనన్నది సంతోషింపదగిన విషయము.

ఇక కొబ్బరికాయ సంగతి. దీనిని గూర్చి అంబాజీపేటవారికి చెప్పుటకు జంకు కలుగుచున్నది, ఏలయన గండేరా, గటగట అని కురిడీలను, అనగా నీరింకి ఎండిన కాయలను, కంటితోనే తరగతులుగా ఏర్పరచు నేర్పరులు మీరు. కాని మన దృష్టియంతయు ముదురుకాయ మీదను, కురిడీ మీదను, ధర మీదను నిలిచి, బొండము పరులకు అమ్ముకొను వస్తువై, మన ఇంటి పిల్లలకు దుకాణపు సీసా మిగులుచున్నది. ఇది నాకు కష్టము కలిగించు విషయము. ఆరు ఏడు నెలల బొండమునందు నీరు సమృద్ధిగను, తీపి నిండుగను ఉండును. ఎనిమిది నెలలు దాటిన కొలదిని కొబ్బరి ముదిరి నీటి తీపి తగ్గును. మన తూర్పుతీరపు పొడవు రకమునుండి బొండము కోయుటకు దింపు కార్మికుని పిలువవలయును. ఇంటి ముందర నాటుకొనుటకు గంగబొండమును, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానము విడుదల చేసిన గౌతమీగంగయు మేలైనవి. పొట్టి చెట్లగుటచే గెల చేతికందును. క్రొత్త మొక్క పాతిపెట్టువారు ఎన్ని పొడవు చెట్లున్నను ఒక్క పొట్టి చెట్టు ఇంటి నిమిత్తము పెట్టుకొనవలయునని నా ప్రార్థన.

కాయ లోపలి నీరు పరిశుద్ధమైనది. కత్తి తగిలి గాలి సోకిన క్షణమునుండియే అది మారుట కారంభించును. కొంతసేపు నిలువయుంచినచో గులాబి రంగు తిరుగుట మీరు చూచియే యుందురు. ఆకుపచ్చని తొక్కకు అంటిన మన్నును ముందుగా కడిగి, శుభ్రమైన కత్తితో కొట్టి, వడపోసి, తక్షణమే వాడవలయును. దీనిని పొయ్యి మీద పెట్టకుడు. కాగినచో పరిమళము పోవును. ఎండుకొబ్బరికై ముదురుకాయలు పగులగొట్టునపుడు నేలపాలగు నీటిని వృథా చేయనేలయని అడుగువారుందురు; అది చప్పగా నుండును, కళ్లములలో శుభ్రముగా పట్టుటయు కష్టము, కనుక ఈ పనికి వలదు.

నలుగురికి కావలసిన కొలత చెప్పెదను, కాగితము తీసికొనుడు. పాత్రలో మూడు వందల మిల్లీలీటర్ల నీరు తెర్లించి, నాలుగు చిన్న చెంచాల ఆకు, లేదా రెండు చెంచాల పొడి వేసి, చెప్పిన వేళకు వడపోసి చల్లార్చుడు. బొటనవ్రేలంత అల్లమును దంచి రసము తీసి, పావుగంట కదల్పక ఉంచినచో అడుగున తెల్లని పిండి పేరుకొనును. పైతేటను మాత్రము ఒంపుకొనుడు. రెండు నిమ్మపండ్లను గింజలు తీసి, తొక్క నలుగకుండ మెల్లగా పిండుడు. తొక్కలోని చేదు రసమునకు దిగరాదు. కలకండ పొడి మూడు చెంచాలు చాలును, కొబ్బరినీటికి సహజమైన తీపి యున్నది గదా. శ్రీరామనవమి పానకమును తలచుకొని బెల్లమే వేయుదుమనువారు తప్పక వేయవచ్చును. ఇనుప పెనములలో కాగిన బెల్లమునందలి ఇనుము తేయాకు ఒగరుతో కలిసి పానీయమును నల్లబరచవచ్చును, రుచికి లోపము రాదు. నలుగురికి నాలుగు మిరియముల పొడి, రెండు ఏలకులు, చిటికెడు ఉప్పు.

కలుపు క్రమమును మార్చకుడు. చల్లారిన తేనీటిలో కలకండ, ఉప్పు, అల్లపురసము, మిరియము, ఏలకి మొదట, పిదప నిమ్మరసము. నిమ్మ పడగానే ఎర్రని తేనీరు లేత పసుపువన్నెకు మారుట చూచి పిల్లలు ఆశ్చర్యపడుదురు, వారిని పిలిచి చూపుడు. కట్టకడపట రెండు పెద్ద బొండముల నీరు, సుమారు ఆరు వందల మిల్లీలీటర్లు. రాత్రి నానిన తేనీటితో చేయుదురేని అది అర లీటరుండును గనుక బొండపు నీరు నాలుగు వందలతో సరిపెట్టుడు. గ్లాసులో ముందుగా నానిన సబ్జాగింజలు ఒక చెంచా వేసి పోసినచో కంటికిని ఇంపు. మంచుగడ్డ ఇంట కాచిన నీటితో చేసినదే కావలయును. చేపలకును రొయ్యలకును వాడు ఐసుదిమ్మను కొట్టి తెచ్చుట ఎంత తొందరలోనైనను కూడదు. పాలు ఈ పానీయమునకు శత్రువు. నిమ్మ తగులగానే విరిగిపోవును.

ఇది అందరికిని అన్నివేళలను తగునని చెప్పజాలను. కొబ్బరినీటిలో పొటాషియము హెచ్చు. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడుగక త్రాగరాదు. మధుమేహము గలవారు కలకండను మానినను బొండపు నీటి తీపిని లెక్కలో వేసికొనవలయును. తేయాకు ఒగరు ఆహారములోని ఇనుమును దేహమునకు పూర్తిగా చేరనీయదు. రక్తహీనత గల స్త్రీలు, అట్టివారు మన గ్రామములలో ఎందరో కలరు, భోజనమునకు గంట ముందు గాని, గంట తరువాత గాని దీనిని పుచ్చుకొనవలయును. పసిపిల్లలకు తేనీరు లేకుండ తక్కిన వానినే కలిపి ఇండు. చీకటి పడిన తరువాత పెద్దలకును వలదు, నిద్ర చెడును.

వేసవి సెలవులకు చుట్టములు దిగుదురని తెలిసినపుడు తేనీటిని ఒక సీసాలోను, అల్లము కలకండల పాకమును మఱియొక సీసాలోను ఫ్రిజ్‌లో నుంచుకొనుడు. మొదటిది రెండు దినములు, రెండవది వారము నిలుచును. నిమ్మను మాత్రము అప్పటికప్పుడు పిండవలయును, ముందే పిండినచో చేదెక్కును. అతిథులు కాళ్లు కడిగికొని అరుగెక్కిన పిదప బొండము కొట్టుడు.