బోనస్ పోయినా దారి ఉంది

సిరిసిల్ల నుంచి మానేరు వంతెన దాటి తంగళ్ళపల్లికి వస్తూ, ముందు ఆగిన ఆటోను మన కారు గుద్దిందనుకుందాం. తప్పు మనదే. బంపర్ పగిలింది, లైటు ఊడి వేలాడుతోంది. క్లెయిమ్ పెట్టి బాగుచేయించాం. మరుసటి ఏడు ప్రీమియం చూస్తే గుండె గుభేలుమంటుంది.

కారణం నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేని తొలి ఏడాదికి 20 శాతం, ఐదేళ్లకు 50 శాతం దాకా పెరిగే ఈ తగ్గింపు మామూలుగా ఒక్క క్లెయిమ్‌తో సున్నా అవుతుంది. సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియం 8,000 రూపాయలనుకుంటే, 50 శాతం బోనస్‌తో కట్టేది 4,000. అది పోతే మొత్తం 8,000 కట్టాలి. అందుకే రెండు మూడు వేల మరమ్మతుకు క్లెయిమ్ పెట్టకపోవడమే మేలు.

ఇక ప్రీమియం తగ్గించుకునే దారి చూద్దాం. ఎదుటివారి నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం కేంద్ర ప్రభుత్వం నిర్ణయించేది, అన్ని కంపెనీల్లో ఒకటే. బేరం సొంత నష్టం భాగంలోనే. పాలసీ గడువుకు నెల ముందే నాలుగు కంపెనీల ధరలు అడగండి. బండి బీమా విలువ ఒకటే పెట్టి పోల్చండి. నష్టంలో కొంత మనమే భరిస్తామని ఒప్పుకుంటే ప్రీమియం తగ్గుతుంది.

కొత్త కంపెనీ దగ్గర పాత క్లెయిమ్ మాత్రం దాచకండి. దాస్తే రేపు పరిహారానికే ఎసరు. ఖర్చుకు జడిసి బీమా మానకండి. బీమా లేని బండికి తొలి జరిమానాయే 2,000 రూపాయలు. మన మొర కంపెనీ వినకపోతే హైదరాబాద్‌లోని బీమా నియంత్రణ సంస్థకు 155255 నంబరులో ఫిర్యాదు చేయండి. నిదానంగా నడపండి, క్షేమంగా ఇంటికి చేరండి.