ఒకే బల్ల మీద పెట్టిన బొమ్మలు

ఫొటోలు తీయడం వృత్తి కాని వాళ్ళు, ఏదో ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ సెలవురోజున కెమెరా భుజాన వేసుకుని బయల్దేరే వాళ్ళు, తీసిన బొమ్మల్ని ఒకరికొకరు చూపించుకుని మంచీచెడ్డా మాట్లాడుకోవడం ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఫలించింది, ఎక్కడ ఎండిపోయింది అన్నది ఈ పూట నేను ఎత్తుకున్న విషయం. ఛాయాగ్రహణ చరిత్ర రాసినవాళ్ళు ఎక్కువగా కెమెరాల గురించీ మహానుభావుల గురించీ రాశారు. బొమ్మ తయారయ్యాక దాన్ని చూసి పక్కవాడు ఏమన్నాడన్నది మూలల్లో మిగిలిపోయింది. ఈ కళ ఎదగడంలో ఆ పక్కవాడి మాటకున్న వాటా కెమెరాకున్న వాటాకు తీసిపోదని నా వాదన. అలాగని ఏ మాటైనా పనికొస్తుందని అనను. ‘బాగుంది’ అంటే సంతోషం మిగులుతుంది, ‘బాగాలేదు’ అంటే బాధ మిగులుతుంది, రెంటిలోనూ రేపు చేయాల్సిన పని ఏమిటో తెలియదు. మాట పనిగా మారింది ఎక్కడంటే, చూసేవాడు తన బొమ్మనూ అదే బల్ల మీద పెట్టి, తాను తీసిన తీరు దాచకుండా చెప్పి, ఎదుటివాడి తీరు అడిగిన చోట. దాదాపు నూట ఎనభై ఏళ్ళ సాక్ష్యం ఈ మాటే చెబుతోంది.

మొదటి సాక్ష్యం ఎడిన్‌బరోది. 1840ల తొలి సంవత్సరాల్లో అక్కడ డజను మంది స్నేహితులు, ఎక్కువగా న్యాయవాదులు, కెలోటైప్ క్లబ్ అని ఒకటి పెట్టుకున్నారు. ప్రపంచంలో మొట్టమొదటి ఫొటోగ్రఫీ సంఘంగా దాన్ని చెప్పుకుంటారు. అది లండన్‌లో కాక ఎడిన్‌బరోలో ఎందుకు పుట్టిందన్న ప్రశ్నకు జవాబు ఒక పేటెంటులో ఉంది. కెలోటైప్ అనే కాగితం నెగెటివ్ పద్ధతిని కనిపెట్టిన టాల్బట్ 1841లో ఇంగ్లండులో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆయన స్నేహితుడు, శాస్త్రజ్ఞుడు డేవిడ్ బ్రూస్టర్ స్కాట్లండులో ఉండేవాడు. పద్ధతి ఆయన ద్వారా అక్కడికి చేరింది, అక్కడ పేటెంటు వర్తించలేదు. లండన్‌లో లైసెన్సు లేకుండా చేస్తే తప్పైన పని ఎడిన్‌బరోలో స్వేచ్ఛగా చేయవచ్చు, చేసింది మరొకరికి నేర్పవచ్చు. పద్ధతి తాళం వేసి ఉన్నచోట బొమ్మ గురించి మాట్లాడుకోవడం కుదరదు. ఎలా తీశావని అడగలేనివాడు మెచ్చుకోగలడు, తిట్టగలడు, దిద్దలేడు. ఇంగ్లండులో ఆ తాళం 1852లో ఊడింది. వృత్తిగా మనుషుల ముఖాలు తీసేవారికి తప్ప మిగిలినవారికి టాల్బట్ ఆంక్షలు ఎత్తేశాడు. ఆర్నెల్లు తిరగకుండానే, 1853 జనవరిలో, లండన్‌లో ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. ఈ రెండు తేదీల మధ్య దూరం అంత తక్కువ కావడం కాకతాళీయమని నేననుకోను.

ఆ సొసైటీ చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది వెలిసిపోయిన బొమ్మల విచారణ. అప్పట్లో కాగితం మీద వేసిన ప్రింటు రెండు మూడేళ్ళకే పసుపుబారి, అంచుల నుంచి లోపలికి మాసిపోయేది. ఎవరికి వారు తమ చేతకానితనమే అనుకుని దాచుకుంటే కారణం ఎన్నటికీ తెలిసేది కాదు. 1855లో సొసైటీ ఒక కమిటీ వేసింది. ఖర్చుకు విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ కూడా 50 పౌండ్లు ఇచ్చాడు. చెడిపోయినవీ నిలిచినవీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిందేమిటంటే, ప్రింటును స్థిరపరచడానికి వాడిన హైపో సరిగా కడగక కాగితంలో ఉండిపోవడమే ప్రధాన కారణమని, తేమ దానికి తోడవుతోందని. కడిగే నీళ్ళ దగ్గర జరిగే తప్పు గోడ మీద వేలాడే బొమ్మలో బయటపడింది. ఇంచుమించు అదే కాలంలో ఫొటోగ్రాఫిక్ ఎక్స్ఛేంజ్ క్లబ్ అని మరొకటి నడిచింది. సభ్యుడు తన బొమ్మ ప్రతుల్ని మిగతా అందరికీ సరిపడా వేసి పంపాలి, ప్రతి ఒక్కరికీ అందరి బొమ్మలూ చేరేవి. 1855 నాటి వాళ్ళ ఆల్బమ్‌లో బొమ్మతో పాటు దాన్ని ఏ పద్ధతిలో తీశారన్న వివరం అచ్చయింది. ఆ వివరమే లేకపోతే అది ఉత్త బహుమతుల సంచి అయ్యేది.

మన దేశం ఈ విషయంలో వెనకబడలేదు. బొంబాయిలో 1854లోనే సొసైటీ వెలిసింది, మరుసటి ఏడే సొంత పత్రిక తెచ్చింది. భావూ దాజీ, నారాయణ్ దాజీ వంటి వైద్యులు అందులో సభ్యులు. 1856 నుంచి జాన్సన్, హెండర్సన్ అనేవాళ్ళు నెలకు మూడేసి అసలు ప్రింట్లతో ఔత్సాహికుల ఆల్బమ్ ఒకటి అక్కడి నుంచి వెలువరించారు. కలకత్తా, మద్రాసు సొసైటీలు 1856లో వచ్చాయి. మద్రాసుది ఆర్ట్ స్కూలు స్థాపించిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ చలవ. అంతకు ఒక ఏడాది ముందే మద్రాసు ప్రదర్శనలో లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారి, అప్పటికి కేవలం ఔత్సాహికుడు, హళేబీడు బేలూరు వైపు ఆలయాల ఫొటోలు 68 పెట్టి న్యాయనిర్ణేతల మెప్పు పొందాడు. ఆ మెప్పు దారి చూపి ఉంటుంది. తర్వాత ఆయన మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫరయ్యాడు, 1858లో మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను ఫలకం తర్వాత ఫలకంగా కెమెరాకెక్కించాడు. మన అమరావతి రాళ్ళకు దొరికిన తొలి ఫొటోల వెనక ఒక ఔత్సాహికుడి బొమ్మల్ని పదిమంది ముందు పెట్టిన ప్రదర్శన ఉందన్న సంగతి తెలుగువాళ్ళం గుర్తుపెట్టుకోదగ్గది.

ఇక్కడ మొదటి ఆక్షేపణ వస్తుంది. ఒకే బల్ల, సమానులు అంటున్నారు, దొరల సొసైటీల్లో సమానత్వం ఎక్కడిది అని. న్యాయమైన ప్రశ్న. కలకత్తా చరిత్ర దీనికి కఠినమైన జవాబు చెబుతుంది. అక్కడి సొసైటీలో రాజేంద్రలాల్ మిత్ర అనే గొప్ప పండితుడు కోశాధికారిగా ఉండేవాడు. 1857 ఏప్రిల్‌లో టౌన్‌హాలు సభలో ఆయన, జిల్లాల్లోని తెల్లవాళ్ళను కూడా కంపెనీ కోర్టుల కిందికి తేవాలని మాట్లాడుతూ నీలిమందు దొరల దౌర్జన్యాన్ని గట్టిగా ఎండగట్టాడు. ఫొటోగ్రఫీతో ఆ ఉపన్యాసానికి ఏ సంబంధమూ లేదు. అయినా సొసైటీలోని తెల్ల సభ్యులు పట్టుబట్టి ఆయన్ని బయటికి పంపారు. నా వాదనకు ఇది అడ్డు అని కొందరు అనుకోవచ్చు. నేను దీన్ని నా వాదనకు రుజువుగానే చూస్తాను. బొమ్మల ముందు సమానంగా కూర్చోబెట్టి, బొమ్మలు పక్కన పెట్టగానే ఎవడి అంతస్తు వాడిదన్న సంఘం, దిద్దుబాటు మాటలకు ఉండాల్సిన నమ్మకాన్ని తన చేతులతో తానే చెరిపేసుకుంది. నీ మాట నాకు నచ్చకపోతే నిన్ను గెంటేస్తానని తెలిశాక ఆ గదిలో ఎవరి బొమ్మ గురించి ఎవరు నిజం చెబుతారు? మిత్రకు జరిగింది అన్యాయం, దాన్ని అన్యాయమనే చెప్పాలి.

రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది. సంఘాల విమర్శ సొంత చూపును చంపేస్తుందని, జూలియా మార్గరెట్ కామెరాన్ కథే దీనికి ఉదాహరణ అని అంటారు. కలకత్తాలో పుట్టిన ఈమెకు 48 ఏళ్ళ వయసులో, 1863 చివర, కూతురూ అల్లుడూ ఒక కెమెరా కానుకగా ఇచ్చారు. ఆమె ముఖాల్ని బాగా దగ్గరగా, కొంచెం మసకగా, గాజుపలక మీద పడ్డ వేలిముద్రలూ చుక్కలూ తుడవకుండా తీసింది. ఫొటోగ్రఫీ పత్రికల్లో విమర్శకులు ఫోకస్ లేదని, పనితనం శుభ్రంగా లేదని తీసిపారేశారు. ఇవాళ ఆ విమర్శకుల పేర్లు ఎవరికీ గుర్తులేవు, ఆమె తీసిన ముఖాలు గుర్తున్నాయి. కనుక గుంపు మాట వినకపోవడమే మేలన్నది ఈ కథకు చెప్పే నీతి. కథ అక్కడితో ఆగలేదు. 1869లో ఆమె నెగెటివ్‌లు చాలావాటి మీద పూత సన్నగా పగుళ్ళు వారడం మొదలైంది, ఆమెకు ప్రాణప్రదమైనవి పాడైపోతున్నాయి. ఆమె ఎవర్ని అడిగింది? తనను చిన్నచూపు చూసిన ఆ ఫొటోగ్రాఫర్ల సొసైటీనే. వాళ్ళు తమ అనుభవం తీసి ముందు పెట్టారు. ఆమె ఉండే ద్వీపపు చెమ్మగాలి కావచ్చని, రసాయనాలు సరిగా కడగకపోవడం కావచ్చని చెప్పారు. సంఘం మారలేదు. మొదటిసారి వాళ్ళు తీర్పరులుగా కూర్చున్నారు, రెండోసారి సాటి పనివాళ్ళుగా కూర్చున్నారు. మొదటిసారి వాళ్ళ మాట గాలికి పోయింది, రెండోసారి పని గురించిన మాటైంది. సొంత చూపుకు హాని చేసేది మాట్లాడుకోవడం కాదు, మార్కులు వేయడమని నేననడానికి ఇదొక్కటి చాలు.

పందొమ్మిదో శతాబ్దం చివరికి పొడి ప్లేట్లు బజారులో దొరికాయి, 1888లో కొడాక్ వచ్చింది, కెమెరా పట్టినవాళ్ళు వేలయ్యారు. తమ ఊళ్ళో క్లబ్బు లేనివాళ్ళ కోసం బ్రిటన్‌లో పోస్టల్ క్లబ్బులు పుట్టాయి. ఈ పద్ధతిని కాస్త దగ్గర నుంచి చూద్దాం, నాకు తెలిసి దిద్దుబాటుకు ఇంతకన్నా మంచి ఏర్పాటు మరొకటి రాలేదు. ఒక పెట్టె. అందులో సభ్యుల ప్రింట్లు, ఒక్కో ప్రింటుకూ ఒక్కో కాగితం. పెట్టె జాబితాలో మొదటివాడి ఇంటికి పోస్టులో చేరుతుంది. అతడు తీరిగ్గా ఒక్కో బొమ్మ బయటికి తీసి, ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు అట్టముక్కలు దాని మీద అటూ ఇటూ జరిపి చూస్తాడు. కుడివైపు ఆకాశం అంగుళం తగ్గిస్తే పడవ దగ్గరకొస్తుంది, కింద నీడ మరీ నల్లబడింది, ఇంకాస్త తక్కువసేపు ప్రింటు చేసి ఉంటే రాళ్ళు కనపడేవి అని పేరు పెట్టి రాస్తాడు. అందరికీ రాశాక పెట్టెను రెండోవాడికి పంపుతాడు. కొన్ని నెలల తర్వాత అది ఊర్లన్నీ తిరిగి మళ్ళీ ఇంటికొస్తుంది. అప్పుడు తన బొమ్మనూ, దాని మీద పదిమంది రాసిన కాగితాన్నీ తీసుకుని, కొత్త బొమ్మ అందులో పెడతాడు. బొమ్మ పెట్టనివాడికి పెట్టె రాదు. కాగితం మీద రాయాలి కనుక ‘బాగుంది’ అని తప్పించుకోవడం సిగ్గుగా ఉంటుంది. తన ముందువాడు రాసిందీ పైన కనపడుతుంది కనుక విభేదిస్తే ఎందుకో చెప్పాలి.

తర్వాత పోటీలు, సెలాన్లు అనే ఎంపిక ప్రదర్శనలు పెరిగాయి. వాటిని తేలిగ్గా కొట్టేయను. 1887లో లండన్ పత్రిక ఒకటి జరిపిన పోటీలో ఎమర్సన్ అనే న్యాయనిర్ణేత మొదటి బహుమతి ఇచ్చిన కుర్రవాడు స్టీగ్లిట్జ్, తర్వాత అమెరికా ఫొటోగ్రఫీకి పెద్దదిక్కయ్యాడు. అయితే ఆ ఎమర్సనే 1889లో ఫొటోగ్రఫీ కళ అని నిరూపించడానికి పుస్తకం రాసి, ఏడాది తిరగ్గానే తన మాట తానే వెనక్కి తీసుకుంటూ కరపత్రం అచ్చేశాడు. తీర్పరి అభిప్రాయం మారవచ్చు, అది నిజాయితీ. ఆ అభిప్రాయం మీద ఇచ్చిన పతకం మాత్రం మారదు. 1950లో అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏపీ, 1953లో భారత ఫొటోగ్రఫీ సమాఖ్య వచ్చాక మన ఊళ్ళలోని ఔత్సాహికులకు ప్రపంచం దగ్గరైంది. గ్యాలరీ అన్నది లేని జిల్లా కేంద్రంలో ఉన్నవాడికి తన ప్రింటు విదేశంలో గోడ మీద వేలాడటం చిన్న విషయం కాదు, సెలాను చేసిన ఆ మేలు నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ స్టేట్ అకాడమీ ఆఫ్ ఫొటోగ్రఫీ 1981లో జి. థామస్ రాసిన భారత ఫొటోగ్రఫీ చరిత్రను ప్రచురించడం నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది. కానీ సెలానులో తెర మీద బొమ్మ కొన్ని సెకన్లు వెలిగి మాయమవుతుంది, ముగ్గురు నిర్ణేతలు మీట నొక్కి అంకె వేస్తారు. పంపినవాడికి తిరిగొచ్చేది ఎంపికైందా లేదా అన్న ముక్క, మొత్తం మార్కులు. మార్కులు తగ్గితే ఎందుకు తగ్గాయో తెలియదు, పెరిగితే ఏం చేసి పెరిగాయో తెలియదు. తెలియనివాడు ఇంకేం చేస్తాడు? నిరుడు నెగ్గిన బొమ్మలాంటిదే మరొకటి తీస్తాడు. పొగమంచులో గొర్రెల మంద, గొడుగు పట్టుకున్న ఒంటరి మనిషి, ముడతల ముసలి ముఖం ఏటేటా తిరిగిరావడానికి కారణం తీసేవాళ్ళలో ఊహ లేకపోవడం కాదు. వాళ్ళ చేతికి అంకె తప్ప మాట అందకపోవడం.

చివరిగా ఒక సందేహం తీర్చాలి. నాలాంటివాడే చూసి నాకేం చెబుతాడు, తెలిసిన పెద్దవాడు కదా చెప్పాలి అని కొత్తవాళ్ళు తరచు అంటారు. తీసినవాడికి లేని ఒక అర్హత సాటివాడికి ఎప్పుడూ ఉంటుంది. తీసినవాడు బొమ్మలో తెల్లవారుజాము చలిని, కొంగ ఎగిరేదాకా కాచుకున్న రెండు గంటల్ని కూడా చూస్తాడు. అవి కాగితం మీద పడ్డాయో లేదో అతడికి తెలియదు. సాటివాడు కాగితాన్నే చూస్తాడు. కామెరాన్‌కు ఆ పని చేసిపెట్టింది చిత్రకారుడు వాట్స్. ఆయన అంతకుముందే ఆమె చిత్రం గీశాడు, తన ముఖాన్ని ఆమె కెమెరా ముందూ పెట్టాడు. ఆమె తన ప్రింట్లు ఆయనకు పంపేది. అట్టకు అతికించిన ఖరీదైన ప్రతులు నాకు పంపొద్దు, అతికించనివి, చెడిపోయినవి పంపు, వాటిని చూసీ అంతే బాగా చెప్పగలను అని వాట్స్ ఆమెకు రాశాడు. గీతలు పడ్డవీ మచ్చలున్నవీ, ఒకప్పుడు ఆయన దగ్గర ఉన్న ఆ బొమ్మలు కొన్ని ఇవాళ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, ఆ మచ్చలతోనే ఉన్నాయి.