తెగిన పోగు

పట్టాలు అందుకున్న బిడ్డలకు నా అభినందనలు.

నేను ఈ సూరత్‌లోనే, లింబాయత్ సందుల్లో పెరిగాను. వరంగల్ పల్లె నుంచి వచ్చిన మా నాయన మరమగ్గాల మీద పనిచేశాడు. ఆ మోతలో మాట వినపడదు. పక్క మగ్గం మీది ఒడియా కార్మికుడితో సైగలతోనే కష్టసుఖాలు చెప్పుకునేవాడు. పడుగులో పోగు తెగితే మాత్రం వెంటనే మగ్గం ఆపేవాడు. "ఇప్పుడు ముడేస్తే నిమిషం పని. ఇడిసిపెడితే బట్టంతా గీత పడ్తది" అనేవాడు.

ఈ ఊళ్లోనే 1907 డిసెంబరులో ఒక పెద్ద పోగు తెగింది. కాంగ్రెస్ మహాసభ జరుగుతోంది. ముందు ఏడాది కలకత్తాలో ఆమోదించిన స్వరాజ్య, స్వదేశీ, బహిష్కార తీర్మానాలను మితవాదులు నీరుగారుస్తారని అతివాదులైన తిలక్ వర్గానికి అనుమానం. అధ్యక్ష ఎన్నికపై మాట్లాడతానని తిలక్ ఆహ్వాన సంఘాధ్యక్షుడికి చీటీ పంపారు. జవాబు రాలేదు. ఆయన వేదికెక్కారు. గుంపులోంచి వచ్చిన చెప్పు సురేంద్రనాథ్ బెనర్జీకి, ఫిరోజ్‌షా మెహతాకు తగిలింది. కుర్చీలు గాల్లోకి లేచాయి. కాంగ్రెస్ చీలిపోయింది. రెండు వర్గాలు మళ్లీ కలిసింది 1916లో, లక్నోలో. మితవాద నాయకులు గోఖలే, మెహతా ఇద్దరూ అంతకు ముందు ఏడాదే కన్నుమూశారు.

ఒక్క జవాబుతో తీరిపోయేంత చిన్న విభేదం కాదది. కానీ ఎదుటి మనిషిని విననప్పుడు అతని మనసులో ఏముందో మనమే ఊహించుకుంటాం. ఆపైన ఆ ఊహతోనే పోట్లాడతాం.

సంభాషణకు ఏకాభిప్రాయం షరతు కాదు. పడుగు నిలువుగా, పేక అడ్డంగా సాగుతాయి. పేక ఒక పోగు కింద దూరి, తర్వాతి పోగు మీదికి వస్తుంది. తగ్గి వినడం, లేచి చెప్పడం అంటే అదే. దేని దారి దానిదే అయినా రెండూ కలిస్తేనే బట్ట.

ఇంత నేర్పున్న మా నాయన, ఇంటి వాటా గొడవలో పెద్దనాయనతో మాట మానేశాడు. ఊరి నుంచి ఉత్తరం వస్తే విప్పకుండా పెట్టెలో పెట్టాడు. పెద్దనాయన పోయాక చదివాడు. అందులో వాటా ఊసే లేదు. "పండక్కి రా తమ్మీ" అని ఉంది. నాయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

బిడ్డలారా, మీ దగ్గరా జవాబివ్వని చీటీ ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రికి పట్టా పక్కన పెట్టి, ముందు దానికి జవాబు రాయండి.