‘తినుట’ అనే క్రియ: లాటినులో దాని కథ

మనం నిత్యమూ పలికే ‘అన్నము’ అనే మాటలో ఒక పురాతన ధాతువు దాగి ఉన్నది. ‘అద్’ అంటే తినుట, తినబడేది అన్నము. సంస్కృత ధాతుపాఠంలో రెండవ గణానికి అదాది గణమని పేరు వచ్చినది దీనివల్లనే. దీనికి లాటినులో ఒక తోబుట్టువు ఉన్నది: ‘ఎదో’ అంటే తింటున్నాను. ఆంగ్లంలోని ‘ఈట్’ కూడ ఆ కుటుంబంలోనిదే.

లాటిను క్రియకు ఒక చిక్కు ఉన్నది. ‘ఏస్త్’ అంటే తింటున్నాడు. ‘ఎస్త్’ అంటే ఉన్నాడు. భేదమంతా ఒక్క దీర్ఘంలోనే. కాలక్రమాన జనుల నాలుకపై ఆ హ్రస్వదీర్ఘ భేదమే సడలిపోయినది. దినమూ పూటపూటకూ కావలసిన మాట ఇంత పొట్టిదీ, ఇంత సందిగ్ధమైనదీ అయితే ఎట్లా?

స్పెయినులోని వారు ‘కొమెదెరె’ను పట్టుకున్నారు. అందులో ‘కొమ్’ ఉపసర్గ; పూర్తిగా తినివేయుట అని అర్థం. అది అరిగి అరిగి నేడు ‘కొమేర్’ అయినది. ధాతువులోని దకారం రాలిపోయి, దాదాపు ఉపసర్గ ఒక్కటే మిగిలినది! తోడు పెళ్లికూతురు పీటలమీద నిలిచి, పెళ్లికూతురు తప్పుకున్నట్లు.

ఇతరులు ‘మందూకారె’ను ఎన్నుకున్నారు. దాని అసలు అర్థం నమలుట. రోములో పెద్ద దవడలతో పండ్లు పటపట కొరికే తిండిపోతు బొమ్మకు ‘మందూకుస్’ అని పేరు. అంతటి మోటు మాట ఇది. అయినా పామరులదే అనుకోరాదు. స్నానశాలలో రెండు కబళాలు తిన్నానని ఆగస్టసు చక్రవర్తి ఒక లేఖలో వ్రాస్తూ ఈ మాటనే వాడినట్లు సూటోనియసు గ్రంథం వల్ల తెలుస్తున్నది. లాటిను బైబిలులోనూ ఇది ధారాళంగా కనిపిస్తుంది. ఫ్రెంచివారి ‘మాంజే’, ఇటలీవారి ‘మాంజారె’, రుమేనియావారి ‘మంకా’ దీని సంతానమే. మోటు మాటలని మనం తోసివేసేవాటిని కొంచెం ఆలోచించి తోయడం మంచిది.

మన దేశంలోనూ ఇట్లాగే జరిగినది. ‘అద్’ క్రియగా వెనుకబడినది. కొరుకుట, నమలుట అనే అర్థంగల ‘ఖాద్’ ముందుకు వచ్చి, హిందీలో ‘ఖానా’ అయినది. తెలుగువారికి ఈ పోరు లేదు. ‘తిను’ తమిళ కన్నడాలతో పంచుకున్న మన ద్రావిడ సొత్తు. అయితే తల్లి బిడ్డను ‘అన్నం తిన్నావా’ అని అడిగినప్పుడు రెండు కుటుంబాలూ ఒకే పంక్తిలో కూర్చుంటాయి.

లాటిను ‘ఎదెరె’ మాత్రం పూర్తిగా నశించలేదు. తినదగినదానిని ఆంగ్లంలో ‘ఎడిబుల్’ అంటారు. స్థూలకాయానికి వైద్యులు వాడే ‘ఒబేసిటీ’లోనూ ఉన్నది అదే, తెగ తిని బలిసినవాడని రోమనులు ఆ మాటను పుట్టించినారు.